ఘాట్ ఎక్కిన నత్రజని: కోరాపుట్‌లో చూసిన ఒక డీకంప్రెషన్ సిక్‌నెస్ కేసు

సముద్రానికి చాలా దూరంగా, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ పట్టణంలో నేను ఇరవై రెండేళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. మలేరియా, సికిల్ సెల్, పాముకాటు, రక్తహీనత నాకు రోజూ ఎదురయ్యే జబ్బులు. స్కూబా డైవింగ్ వల్ల వచ్చే డీకంప్రెషన్ సిక్‌నెస్‌ను, అంటే ఒంట్లో కరిగిన నత్రజని పీడనం తగ్గేసరికి బుడగలు కట్టే జబ్బును, ఈ కొండల్లో చూడవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ ఆలోచన రాకపోవడం వల్లనే ఈ రోగి విషయంలో ఐదున్నర గంటలు పోగొట్టాను. సునాబెడ, సెమిలిగుడ, జయపురం, రాయగడల్లో ప్రాక్టీసు చేస్తున్న తెలుగు డాక్టర్లకూ, సెలవుల్లో విశాఖ వెళ్ళి డైవ్ చేసి అదే రాత్రి కిరండూల్ రైలెక్కి ఇంటికి వచ్చే మన వాళ్ళకూ ఇది తెలియాలన్న ఉద్దేశంతో, రోగి అనుమతి తీసుకుని, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి, ఈ కేసును రాస్తున్నాను.

మొదటి రాక

రోగి వయసు 38 ఏళ్ళు, మగవారు, ఆఫీసు ఉద్యోగి. వాళ్ళది సాలూరు నుంచి రెండు తరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. సోమవారం ఉదయం 7 గంటలకు భార్యతో కలిసి వచ్చారు. ఎడమ భుజం లోపల, కీలు దగ్గర, పళ్ళునొప్పిలా లాగుతోందని, రాత్రి రైల్లో అరకు రాకముందే ఆ నొప్పితో మెలకువ వచ్చిందని చెప్పారు. భుజం మీద వాపు గానీ ఎరుపు గానీ లేవు. చెయ్యి ఏ వైపు తిప్పినా నొప్పి పెరగలేదు, తగ్గలేదు. నొక్కి చూసినా ఫలానా చోట అని చెప్పలేకపోయారు. ఎడమ భుజం కనుక ఈసీజీ తీయించాను, మామూలుగానే ఉంది. పై బెర్త్ మీద ఒత్తిగిలి పడుకోవడం వల్ల కండరం పట్టేసిందని నిర్ణయించి, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చి పంపించాను.

ఇక్కడ నేను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: నిన్నా మొన్నా ఏం చేశారు? అది అడగలేదు. కదలికతో సంబంధం లేని, నొక్కితే దొరకని కీలునొప్పి కండరం పట్టేసిన నొప్పి కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఉదయం రద్దీలో దాని మీద నిలబడి ఆలోచించలేదు.

రెండో రాక

మధ్యాహ్నం 12.30కి భార్య, తమ్ముడు ఆయన్ని చెరో వైపు పట్టుకుని తీసుకువచ్చారు. రెండు అరికాళ్ళలో తిమ్మిరి మొదలై మోకాళ్ళ దాకా పాకింది. నడుస్తుంటే దూది మీద అడుగు వేసినట్టుందని అన్నారు. ఉదయం నుంచి మూత్రం సరిగా రాలేదు. ఆయన భార్య అన్న మాటతో విషయం తెలిసింది. "నిన్న సముద్రం అడుక్కి దిగొచ్చారండి డాక్టరు గారూ. సాయంత్రం నించే ఒళ్ళు బాగోలేదు, పొట్టంతా దురదని గీరుకుంటూనే ఉన్నారు" అని ఆవిడ అన్నారు.

అప్పుడు కూర్చోబెట్టి మొత్తం అడిగాను. మూడేళ్ళ క్రితం అండమాన్‌లో ప్రాథమిక డైవింగ్ కోర్సు చేశారు. ఆ అర్హత 18 మీటర్ల లోతు వరకే. తర్వాత మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఈసారి విశాఖ తీరంలో శనివారం రెండు డైవ్‌లు, ఆదివారం రెండు డైవ్‌లు చేశారు. ఆఖరిది మధ్యాహ్నం 3.40కి ముగిసింది. ఆ డైవ్‌లో పక్కనున్న స్నేహితుడి చేతికి ఉన్న, లోతునూ సమయాన్నీ నమోదు చేసే డైవ్ కంప్యూటర్ రికార్డు వాట్సాప్‌లో దొరికింది. అత్యధిక లోతు 19 మీటర్లు, అడుగున గడిపిన సమయం 34 నిమిషాలు. ఇద్దరూ కలిసి పైకి వస్తుండగా 12 మీటర్ల దగ్గర మన రోగి ఒక్కసారిగా పైకి లేచిపోయారు. ఆయన్ని పట్టుకోబోయి వెంట వెళ్ళిన స్నేహితుడి కంప్యూటర్ ఆ 12 మీటర్లను దాదాపు 25 సెకన్లలో దాటినట్టు చూపించింది. అంటే నిమిషానికి 29 మీటర్ల వేగం. ఈ రోజుల్లో శిక్షణలో చెప్పే వేగం నిమిషానికి సుమారు 9 మీటర్లు. 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగవలసిన సేఫ్టీ స్టాప్ జరగనే లేదు.

పరీక్షలో రెండు కాళ్ళలోనూ బలం కొద్దిగా తగ్గింది, ఎడమవైపు కాస్త ఎక్కువగా. నరాల స్పర్శ చూడడానికి పెట్టిన 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కంపనం రెండు బొటనవేళ్ళ మీదా తెలియలేదు. ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడి కళ్ళు మూయమంటే రెండు సెకన్లలో తూలిపోయారు. మూత్రాశయం నిండి తగులుతోంది. పొట్ట మీద ఎరుపూ నీలమూ కలిసిన మచ్చలు చలవరాతి చారల్లా కనిపించాయి. ఉదయం చొక్కా విప్పించి ఉంటే అవి అప్పుడే కనిపించేవి. వెన్నుపాము, చర్మం, కీలు మూడూ తగిలిన డీకంప్రెషన్ సిక్‌నెస్ అని నిర్ధారణకు వచ్చాను. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. రోగి కథా, డాక్టరు పరీక్షా తప్ప వేరే ఆధారం ఉండదు.

రైలు ఎక్కించిన ఎత్తు

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 18 మీటర్ల లోతులో మొత్తం పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి 2.8 రెట్లు. ఆ పీడనంలో పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా ఉన్న నత్రజని రక్తంలోనూ, కొవ్వులోనూ, నాడీకణజాలంలోనూ కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. తొందరపడితే, మూత తీసిన సోడాలో లాగా, కణజాలంలోనే బుడగలు పుడతాయి. 1878లో పాల్ బెర్ట్ ఈ బుడగలు నత్రజనివని చూపించాడు. 1908లో జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన సహచరులు మేకల మీద ప్రయోగాలు చేసి, అంచెలంచెలుగా పైకి వచ్చే పట్టికలు తయారుచేశారు. నేటి డైవ్ కంప్యూటర్ల లెక్కలో ఆ పని మూలం ఇంకా ఉంది.

అయితే ఈ పట్టికలన్నీ డైవర్ పైకి వచ్చాక సముద్రమట్టం దగ్గరే ఉంటాడన్న ఊహ మీద నిలబడినవి. విమానం ఎక్కితే మళ్ళీ పీడనం తగ్గుతుంది కాబట్టి, దానికి వేరే నియమం ఉంది. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన ప్రకారం డీకంప్రెషన్ స్టాప్‌లు (పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగడాలు) అవసరం పడని ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు గానీ వరుస రోజుల్లో గానీ చేస్తే కనీసం 18 గంటలు, స్టాప్‌లు అవసరమైన డైవ్‌లైతే అంతకంటే బాగా ఎక్కువసేపు ఆగాలి. ఆ సూచన వర్తించేది సుమారు 610 నుంచి 2440 మీటర్ల ఎత్తుతో సమానమైన పీడనానికి. విమానం అన్న మాట చెవిలో పడడంతో మనవాళ్ళు ఈ అంకెను పట్టించుకోరు. కోరాపుట్ ఊరే ఆ పరిధిలో ఉంది.

కొత్తవలస నుంచి కిరండూల్ పోయే లైను మీద, బొర్రా దాటాక, అరకుకు ముందు వచ్చే షిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనం విశాఖ తీరం కన్నా దాదాపు 11 శాతం తక్కువ. మన రోగి ఆఖరి డైవ్ ముగించి పది గంటలైనా కాకముందే నిద్రలో ఆ ఎత్తుకు చేరుకున్నారు. సాయంత్రమే దురద, అలసట మొదలయ్యాయంటే బుడగలు తీరం మీదే పుట్టాయన్నమాట. ఎత్తు వాటిని కాస్త పెద్దవి చేసింది, మిగిలిన నత్రజని వాటిలోకి చేరడానికి దారి ఇచ్చింది. పీడనం తగ్గడం వల్ల బుడగ పరిమాణంలో వచ్చే మార్పు ఒక్కటే చూస్తే చిన్నదే. అందువల్ల ఘాట్ ఒక్కటే కారణమని నేను అనను. వేగంగా పైకి రావడం అసలు దెబ్బ, ఎత్తు దాన్ని పెంచింది. ఆదివారం పగలంతా నీళ్ళు సరిగా తాగకపోవడం, సాయంత్రం రెండు బీర్లు తాగడం కూడా తోడయ్యాయి. గుండె పై గదుల మధ్య పుట్టుకతో మిగిలిపోయే చిన్న రంధ్రం పెద్దవాళ్ళలో నలుగురిలో ఒకరికి ఉంటుంది. అది ఉంటే బుడగలు ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకుని ధమనుల్లోకి వెళతాయి. వెన్నుపాము, చర్మం తగిలిన కేసుల్లో దాన్ని తప్పక చూడాలి. ఈయనకు తర్వాత చేసిన పరీక్షలో అది లేదని తేలింది.

ఘాట్ దిగడం

రీకంప్రెషన్ చాంబర్, అంటే రోగిని మళ్ళీ ఎక్కువ పీడనంలో ఉంచే గది, ఉన్న ఆసుపత్రి మాకు దగ్గరలో అంటే విశాఖలోనే. ఫోన్ చేస్తే అక్కడి వైద్యుడు వెంటనే పంపమన్నారు. ఈలోగా చేయవలసింది కష్టమైనది కాదు గానీ వదలకుండా చేయాలి: రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టి, నొప్పి తగ్గినా సరే తీయకుండా ఉంచడం. ఆక్సిజన్ ఎంత స్వచ్ఛంగా అందితే నత్రజని అంత త్వరగా ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతుంది. రింగర్ లాక్టేట్ మొదలుపెట్టాను. ఇలాంటి కేసులో డెక్స్‌ట్రోజ్ ఇవ్వకూడదు. ఊపిరితిత్తి చిరిగి గాలి బయటికి రాలేదని ఛాతీ ఎక్స్‌రే తీసి చూసుకున్నాను. మూత్రనాళంలో కాథెటర్ పెట్టినప్పుడు దాని బెలూన్‌ను గాలితో కాకుండా సెలైన్‌తో నింపాం. చాంబర్‌లో పీడనం పెరిగితే గాలి బెలూన్ కుంచించుకుపోయి కాథెటర్ జారిపోతుంది.

ఆక్సిజన్ లెక్క వేయడానికే పది నిమిషాలు పట్టింది. విశాఖ సాలూరు, విజయనగరం మీదుగా సుమారు 200 కిలోమీటర్లు, అంబులెన్సులో ఐదు గంటలు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున 4500 లీటర్లు కావాలి. అంబులెన్సులో మామూలుగా ఉండే బి టైప్ సిలిండర్ 1500 లీటర్లది. గంటా నలభై నిమిషాలకు ఖాళీ అయిపోయి, పొట్టంగి ఘాట్ దిగి సాలూరు దాటేసరికే చేతులు ముడుచుకోవలసి వచ్చేది. 7000 లీటర్ల డి టైప్ ఒకటి ఆపరేషన్ థియేటర్ నుంచి తెప్పించి, స్ట్రెచర్ పక్కన గొలుసుతో కట్టించి, బి టైప్ ఒకటి అదనంగా పెట్టించాను. ఇలాంటి రోగిని పంపించే ప్రతి చిన్న ఆసుపత్రీ ఈ గుణకారం ముందే చేసుకోవాలి.

దారి కూడా ఎంచుకోవలసిందే. అరకు, అనంతగిరి మీదుగా వెళ్తే మళ్ళీ వెయ్యి మీటర్లు దాటి ఎక్కాలి. అందుకే సాలూరు దారిన పంపించాను. కొండ దిగడమే ఈ రోగికి మొదటి వైద్యం. రాత్రి 7 గంటలకు విశాఖ చేరేటప్పటికి భుజం నొప్పి సగానికి తగ్గిందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. తిమ్మిరి మాత్రం తగ్గలేదు.

నొప్పి మొదలైన దాదాపు 18 గంటల తర్వాత ఆయన చాంబర్‌లోకి వెళ్ళారు. 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంతో మొదలై, ఆక్సిజన్, మధ్యమధ్య మామూలు గాలి మార్చి మార్చి పీలుస్తూ 4 గంటల 45 నిమిషాలు సాగే యు.ఎస్. నేవీ టేబుల్ 6 అనే చికిత్సా క్రమం ఆయనకు ఇచ్చారు. మొదటి అరగంటలోనే భుజం నొప్పి పోయింది. తెల్లవారి మూత్రం సొంతంగా వచ్చింది. నడక కోసం తర్వాత మూడు రోజులు చిన్న సెషన్లు జరిగాయి.

ఇంటికి పంపడంలోనూ ఒక చిక్కు వచ్చింది. చాంబర్ వైద్యం అయ్యాక కనీసం 72 గంటలైనా ఎత్తుకు వెళ్ళకూడదు, లక్షణాలు మిగిలి ఉంటే ఇంకా ఎక్కువ. ఈయన ఇల్లే ఎత్తున ఉంది. విజయనగరంలో వదినగారింట్లో రెండు వారాలు ఉంచి, తర్వాతే కొండ ఎక్కనిచ్చాం.

అరచేతిలో ముళ్ళు

రెండోసారి పరీక్షించినప్పుడు ఆయన కుడి అరచేతిలో గీతలు, వాటి మధ్య నల్లటి చుక్కలు ఐదారు కనిపించాయి. సముద్రపు ముళ్ళచెండు (సీ అర్చిన్) ముళ్ళు విరిగి లోపల ఉండిపోయాయి. నిలదొక్కుకోవడానికి రాయిని పట్టుకున్నానని చెప్పారు. తర్వాత కోలుకుంటున్న రోజుల్లో ఆ డైవ్ వీడియో ఆయనే నాకు చూపించారు. నాలుగు నిమిషాల ఆ వీడియోను చాలాసార్లు చూశాను. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి అందులోనే దొరికింది.

ఆయన నడుముకు 10 కిలోల సీసం బరువులు కట్టారు. పలచటి 3 మిల్లీమీటర్ల సూట్‌లో ఆయన ఒంటికి అందులో సగం చాలు. మూడేళ్ళుగా నీళ్ళలోకి దిగని మనిషి ఉపరితలం మీద తేలుతూ ఇబ్బంది పడకుండా త్వరగా మునగాలని అలా కడతారు. అంత బరువుతో కిందికి వెళ్ళినవాడు అడుగును తాకకుండా ఉండాలంటే తేలడానికి వేసుకునే జాకెట్‌లోకి ఎక్కువ గాలి నింపుకోవాలి. వీడియోలో అదే జరుగుతోంది. బరువు నడుముకు, గాలి భుజాలకు ఉండడంతో ఆయన నీటిలో అడ్డంగా కాక నిలువుగా వేలాడుతున్నారు. కాళ్ళకున్న ఫిన్స్ (ఈత రెక్కలు) ప్రతి తన్నుకూ అడుగున ఉన్న మట్టిని మబ్బులా లేపుతున్నాయి. ఒక చోట రాతిని కప్పి పెరిగిన స్పాంజ్‌లు, మెత్తని పగడాల మీద ఎడమ ఫిన్ రెండుసార్లు ఈడ్చుకుపోయి, ఒక ముక్క విడిపోయి తేలుతూ వెళ్ళిపోయింది. తర్వాత కెరటపు ఊపుకు తూలి అరచేత్తో రాయిని పట్టుకున్నారు.

పైకి లేచిపోవడానికీ కారణం అదే గాలి. ఒక లీటరు గాలి 18 మీటర్ల లోతు నుంచి ఉపరితలానికి వచ్చేసరికి 2.8 లీటర్లు అవుతుంది, ఆఖరి 10 మీటర్లలో అయితే రెట్టింపు అవుతుంది. జాకెట్‌లో ఉండకూడనంత గాలి ఉన్నవాడు కొద్దిగా పైకి కదిలితే గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి ఇంకా పైకి లాగుతుంది, బొత్తాం నొక్కి గాలి వదిలేలోపు చేయి దాటిపోతుంది. నడుముకు అదనంగా కట్టిన ఆ ఐదు కిలోల సీసమే కింద రాతి మీది ప్రాణులను నలిపింది, పైకి వచ్చేటప్పుడు ఈయన వెన్నుపామును దెబ్బతీసింది. డైవింగ్ ఆరోగ్య ప్రమాదాలు వేరు, పర్యావరణ నష్టం వేరు అని రెండు పాఠాలుగా చెప్పడం నాకు సరికాదనిపిస్తున్నది. నీటిలో తేలుడును అదుపు చేసుకోలేనివాడు తనకూ, తాను చూడవచ్చిన దానికీ ఒకే తప్పుతో హాని చేస్తున్నాడు.

పగడాలు పెరిగే వేగం తెలిస్తే ఆ విడిపోయిన ముక్క విలువ అర్థమవుతుంది. బండలా పెరిగే గట్టి పగడం ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో లక్షద్వీప్‌లో లాంటి పగడపు దిబ్బలు లేవు. ఉన్నవి రాళ్ళు, వాటిని కప్పుకున్న జీవాలు. అందువల్ల ఇక్కడ పాడుచేయడానికి ఏముందని అనేవాళ్ళను నేను విన్నాను. ఇసుక అడుగు మధ్య అక్కడక్కడా ఉన్న ఆ రాళ్ళే చేప పిల్లలకు నీడ, వేటకు వెళ్ళే గంగపుత్రులకు ఆధారం. రాళ్ళు కొన్నే కనుక డైవర్లందరూ వాటి మీదికే దిగుతారు. పైగా వానల తర్వాత నాగావళి, వంశధారలు మా కొండల మట్టిని కూడా మోసుకెళ్ళి ఆ సముద్రంలోనే కలుపుతాయి. నీటిని వడకట్టి బతికే స్పాంజ్‌ల మీద పడే ఆ మట్టికి ఫిన్స్ లేపే మట్టి తోడవుతుంది. చూపు ఆనని నీటిలో కొత్త డైవర్ రాయికి మరింత దగ్గరగా జరుగుతాడు, పట్టుకుంటాడు.

పడవ లంగరు రాళ్ళ మధ్య పడి ఈడ్చుకుపోవడం వీడియోలో ఒక మూల కనిపించింది. ఒక్క లంగరు చేసే నష్టం పదిమంది డైవర్ల ఫిన్స్ చేసేదానికన్నా ఎక్కువ. ఒకే చోటికి రోజూ వెళ్ళే పడవలు అక్కడ శాశ్వతంగా బోయా (నీటి మీద తేలే గుర్తు) కట్టుకుని దానికే తాడు వేసుకుంటే ఇది పూర్తిగా తప్పుతుంది. జ్ఞాపకంగా తెచ్చుకునే పగడపు ముక్క విషయంలో చట్టం కఠినంగా ఉంది. 2001లో గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు), నీటిగుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులికి ఉన్న రక్షణతో, చేర్చారు. డైవర్ల వల్ల మేలు కూడా ఉందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. రాళ్ళకు చిక్కి తెగిపోయి, ఏళ్ళ తరబడి చేపల్ని, తాబేళ్ళను పట్టి చంపుతూ ఉండే వలలను కోసి పైకి తెచ్చేది వాళ్ళే.

ఇతర ప్రమాదాల గురించి క్లుప్తంగా చెబుతాను. డైవర్లలో అన్నిటికన్నా తరచుగా వచ్చేది చెవి దెబ్బ, ముఖ్యంగా జలుబుతో దిగినవాళ్ళకు. ఊపిరి బిగబట్టి పైకి వస్తే మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తి చిరగవచ్చు. డీకంప్రెషన్ సిక్‌నెస్ అరుదే. వినోదం కోసం చేసే పదివేల డైవ్‌లకు రెండు నుంచి నాలుగు కేసుల వరకు లెక్క చెబుతారు. నలభై దాటినవారిలో డైవింగ్ మరణాలకు గుండెజబ్బు పెద్ద కారణం కనుక, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆయన్ని డైవ్‌కు తీసుకెళ్ళిన నిర్వాహకుడితో నేను ఫోన్‌లో మాట్లాడాను. దిగేముందు నింపించే ఫారంలో విమానం ఎప్పుడు ఎక్కుతారన్న ప్రశ్న ఉంది. ఇల్లు ఎక్కడ, ఈ రాత్రి ఏ దారిన వెళ్తారన్న ప్రశ్న లేదు. అరకు, పాడేరు, కోరాపుట్, జగదల్‌పూర్ వెళ్ళేవాళ్ళు ఆఖరి డైవ్ తర్వాత 18 గంటలు తీరంలోనే ఉండాలని అందులో చేర్చమన్నాను. బరువులు కట్టేముందు నీటిలో తేలుడు పరీక్ష చేయమని, పాత అర్హత కాగితం ఉన్నవాళ్ళను ముందు ఈతకొలనులో ఒక గంట ఉంచమని కూడా అడిగాను. మొదటి మాట ఒప్పుకున్నారు. రెండోది ఖర్చుతో కూడిన పని అన్నారు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను. మా ఆసుపత్రి ఓపీ చీటీలో కీలునొప్పి, తిమ్మిరి, చర్మపు మచ్చలతో వచ్చేవాళ్ళకు గత 48 గంటల్లో సముద్రంలో దిగారా అన్న ఒక వరుస ఇప్పుడు ఉంది.

ఆరు నెలలయింది. ఆయన మామూలుగా నడుస్తున్నారు, ఉద్యోగానికి వెళ్తున్నారు. మళ్ళీ డైవ్ చేయవచ్చా అని రెండుసార్లు అడిగారు. వెన్నుపాముకు దెబ్బ తగిలి లక్షణం మిగిలినవారికి వద్దనే చెప్పాను. పిల్లవాడితో కలిసి నీటి మీద తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ చూడవచ్చా అంటే, ఊపిరి బిగబట్టి లోతుకు దిగకుండా ఉంటే చూడవచ్చన్నాను. అరచేతిలోని ముళ్ళలో ఒకటి, రెండు నెలల తర్వాత, దానంతటదే బయటికి వచ్చింది. ఎడమ బొటనవేలి మీద పెట్టిన ఫోర్క్ కంపనం మాత్రం కుడివైపు కన్నా ఇప్పటికీ మూడు నాలుగు సెకన్ల ముందే ఆగిపోతోంది.